సూరత్‌లో ఆదివారం రాత్రి, ఎనిమిది మందికి టేబుల్

శనివారం సాయంత్రం మార్కెట్ కట్టేసే వేళకు సేఠ్ కేబిన్‌లోంచి తల బయటపెడతాడు. "రేపు రాత్రికి హైదరాబాద్ పార్టీ వస్తోంది, మంచి చోట టేబుల్ చెప్పు, ఏడెనిమిది మందిమి ఉంటాం" అని స్కూటర్ తాళాలు తీసుకుని వెళ్లిపోతాడు. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లలో లెక్కలు రాసేవాళ్లకూ, ఆడతియా (కమీషన్ ఏజెంట్) ఆఫీసుల్లో ఆర్డర్లు చూసేవాళ్లకూ, హజీరా ఫ్యాక్టరీల పర్చేజ్ విభాగాల్లో ఉన్నవాళ్లకూ ఈ మాట కొత్త కాదు. చేరేటప్పుడు ఇచ్చిన కాగితంలో ఈ పని ఎక్కడా రాసి ఉండదు. చేసిపెడితే ఎవరికీ గుర్తుండదు, చేయలేకపోతే ఏడాదంతా గుర్తుంటుంది.

తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పనికి వచ్చి లింబాయత్ చుట్టుపక్కల స్థిరపడ్డ పద్మశాలీ కుటుంబాలు సూరత్‌లో చాలా ఉన్నాయి. ఆ ఇళ్ల పిల్లలు ఇప్పుడు ఏసీ ఆఫీసుల్లో కూర్చుంటున్నారు. వాళ్లకు వచ్చే ఇబ్బంది వేరు. తాము ఎన్నడూ గుమ్మం తొక్కని హోటల్‌కు ఫోన్ చేసి, తాము కూర్చోబోని టేబుల్ అడగాలి. గొంతు తడబడుతుంది. అవతలివాడు "ఫుల్ హై సర్" అనగానే, థాంక్యూ చెప్పి పెట్టేస్తారు. నిజానికి అసలు మాటలు మొదలవాల్సింది అక్కడే.

పెద్ద రెస్టారెంట్‌లో చోటు దొరకాలంటే పలుకుబడి ఉండాలని మనవాళ్లకు గట్టి నమ్మకం. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు కదా. పెళ్లి బంతిలో నిజమేమో గాని, సూరత్‌లో దానికంటే ముందు పనికొచ్చేది ఒకటుంది: ఈ ఊరు ఏ రోజు, ఏ గంటకు, ఎంతమందితో తింటుందో తెలిసి ఉండడం.

"సూరత్ను జమణ్, కాశీను మరణ్" అని గుజరాతీ నానుడి. తింటే సూరత్‌లో తినాలి, పోతే కాశీలో పోవాలి అని. ఆదివారం రాత్రి ఈ ఊరు దాన్ని అక్షరాలా పాటిస్తుంది. మార్కెట్‌కు సెలవు, ఇంట్లో పొయ్యికీ సెలవు. తాతా నాయనమ్మ, ఇద్దరు కొడుకుల సంసారాలు, పిల్లలు, అంతా కలిసి పదిమందికి తగ్గకుండా బయల్దేరి వేసు, పిప్లోద్, డుమస్ రోడ్డు, అడాజణ్ దారులు పడతారు. కొందరికి హోటలే అక్కర్లేదు. గౌరవ్ పథ్ ఫుట్‌పాత్ మీద చాప పరుచుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్నదో బండి మీద కొన్నదో తింటారు. ఆ తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్య మీరు ఎనిమిది మందికి టేబుల్ అడుగుతున్నారంటే, ఊళ్లో అందరూ అడుగుతున్నదే మీరూ అడుగుతున్నారన్నమాట. లేదనే అంటారు.

కాబట్టి ఫోన్ తీసే ముందు సేఠ్‌నే మూడు మాటలు అడగండి. ఆదివారమే కావాలా, సోమవారం కుదరదా? రాత్రే కావాలా, మధ్యాహ్నం కుదరదా? తొమ్మిదింటికే కావాలా, ఏడున్నరకు కుదరదా? ఈ మూడింట్లో ఒక్కదానికి "సరే, నీ ఇష్టం" అన్నాడంటే మీ పని సగం అయిపోయినట్టే. చాలామంది అడగరు, అడిగితే చేతకాదనుకుంటారేమోనని. నేనైతే అడగని ఉద్యోగినే అనుమానిస్తాను.

ఏడున్నర సంగతి కాస్త వివరంగా చెప్పాలి. సూరత్‌లో రాత్రి భోజనం ఆలస్యం. ఏడున్నరకు మంచి రెస్టారెంట్లు సగం ఖాళీగా ఉంటాయి, వెయిటర్లు గ్లాసులు తుడుస్తూ ఉంటారు. ఆ వేళకు వచ్చి తొమ్మిదింబావుకు లేచే టేబుల్ అంటే మేనేజర్‌కు ప్రాణం, ఎందుకంటే అదే టేబుల్ మీద ఇంకో కుటుంబాన్ని కూర్చోబెట్టవచ్చు. అందుకే ఫుల్ అన్నప్పుడు పెట్టేయకుండా, "ఏడున్నరకు వస్తాం, తొమ్మిదింబావుకల్లా ఖాళీ చేస్తాం, చూడండి భాయ్" అనండి. సేఠ్ ఎవరో, కంపెనీ ఎంత పెద్దదో చెప్పడం కంటే ఈ ఒక్క మాటకు విలువ ఎక్కువ. ఇచ్చిన మాట మీద లేవాలి మరి. అతిథి కబుర్లు తెగకపోతే, ఐస్‌క్రీముకు ఇంకో చోటికి వెళ్దామని లేవదీయడం కూడా మీ పనే.

టేబుళ్లు ఇక్కడ త్వరగా తిరగడానికి ఇంకో కారణం ఉంది. 1960లో రాష్ట్రం ఏర్పడ్డప్పటి నుంచీ గుజరాత్‌లో మద్యనిషేధం. 2023 డిసెంబరులో గాంధీనగర్ దగ్గరి గిఫ్ట్ సిటీలో కొంత సడలించారు గాని, సూరత్‌కు అది వర్తించదు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఒక టేబుల్ రెండు పెగ్గులతో మొదలై మూడు గంటలు సాగుతుంది. సూరత్‌లో సూప్‌తో మొదలై గంటన్నరలో పాన్ దగ్గర తేలుతుంది. అందుకని ఇక్కడ వెయిటింగ్ లిస్టును చూసి మరీ బెదిరిపోనక్కర్లేదు, అది కదులుతుంది. "టేబుల్ ఉందా" అని కాకుండా "వెయిటింగ్‌లో ఎన్ని పేర్లున్నాయి, ఎంతసేపు పట్టొచ్చు" అని అడిగితే సరైన జవాబు వస్తుంది.

మన వైపు నుంచి వచ్చే పార్టీకి ఈ మద్యనిషేధం సంగతి ముందే చెవిన వేయండి. బయటి రాష్ట్రాల వాళ్లకు తాత్కాలిక పర్మిట్ ఇచ్చే పద్ధతి ఉంది గాని, అది డిన్నర్ టేబుల్ మీదికి రాదు. తెలియక వెయిటర్‌ను అడిగి, సేఠ్ ముందు నాలుక కరుచుకునే పరిస్థితి అతిథికి రానివ్వకూడదు. అడిగినవాడిని "వారాంతంలో డామన్ వెళ్దాం సార్" అని నవ్వించి వదిలేయడం ఊళ్లో పాత ఆనవాయితీ.

ఇక పళ్లెం సంగతి. ఇక్కడ తప్పు జరిగితే టేబుల్ ఎంత మంచిదైనా లాభం లేదు. మీ సేఠ్ జైనుడా, స్వామినారాయణ్ సంప్రదాయమా, కాఠియావాడీ పటేలా, మార్వాడీనా? అతిథుల్లో ఎవరు ఏం తినరు? జైన భోజనమంటే ఉల్లి, వెల్లుల్లి లేకపోవడమే కాదు, ఆలుగడ్డ, క్యారెట్, ముల్లంగి లాంటి దుంపలేవీ ఉండవు. స్వామినారాయణ్ పద్ధతిలో దుంపలకు అభ్యంతరం ఉండదు గాని ఉల్లి, వెల్లుల్లి ఉండవు. ఈ మాట టేబుల్ దగ్గర కాదు, బుకింగ్‌లోనే చెప్పాలి. గ్రేవీలు మధ్యాహ్నమే ఉల్లిపాయతో ఉడికించి పెట్టుకుంటారు. ఎనిమిది మందిలో నలుగురికి జైన వంట కావాలని రాత్రి తొమ్మిదింటికి చెబితే వంటవాడు విడిగా మొదలుపెట్టాలి. సూరత్‌లో ఇది వాళ్లకు అలవాటే, విసుక్కోరు. కానీ ఆలస్యమవుతుంది.

నియమంగా ఉండే జైనుల్లో చాలామంది సూర్యాస్తమయం తర్వాత తినరు. దాన్ని చౌవిహార్ అంటారు. వానాకాలపు చాతుర్మాసంలో, ముఖ్యంగా పర్యూషణ్ రోజుల్లో, మామూలుగా పాటించనివాళ్లు కూడా పాటిస్తారు. చలికాలంలో ఆరు దాటేసరికే పొద్దు గూకుతుంది, రెస్టారెంట్లేమో ఏడింటికి గాని డిన్నర్ మొదలుపెట్టవు. అలాంటి పెద్దమనిషిని డిన్నర్‌కు పిలవడమంటే పస్తు పెట్టడానికి పిలిచినట్టే. మధ్యాహ్న భోజనం పెట్టుకోండి. వారం మధ్యలో మధ్యాహ్నం పూట మీకు నచ్చిన మూల, కిటికీ పక్కన, తాపీ నది కనిపించేలా కూడా దొరకొచ్చు. అఠ్వాలైన్స్‌లో నది ఒడ్డునే ఉన్న మారియట్ లాంటి హోటళ్లలో ఆ కిటికీకి రాత్రి ఉన్న గిరాకీ పగలు ఉండదు. పగలే నది బాగా కనిపిస్తుంది, అదో చిత్రం.

మన అతిథికి మాంసం లేనిదే ముద్ద దిగదనుకోండి. సూరత్ పేరున్న రెస్టారెంట్లలో చాలా భాగం పూర్తి శాకాహారం. పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లలో రెండూ దొరుకుతాయి గాని, పక్క కుర్చీలో కూర్చున్న సేఠ్‌కు అది సమ్మతమో కాదో మీరే కనుక్కోవాలి. నన్నడిగితే, కలిసి తినే పూట శాకాహారమే పెట్టండి. బిర్యానీ ముచ్చట అతిథి మర్నాడు విడిగా తీర్చుకుంటాడు.

ఫోన్ ఎప్పుడు చేయాలంటే, మధ్యాహ్నం మూడున్నర నుంచి ఆరింటి లోపు. లంచ్ సర్దేసి, డిన్నర్ మొదలుకాని ఆ వేళలోనే మేనేజర్ కుర్చీలో కూర్చుని రిజిస్టర్ తెరుస్తాడు. రాత్రి ఎనిమిదిన్నరకు చేస్తే ఎత్తినవాడికి మీ మాట వినపడదు, వినపడినా పట్టదు. ఆదివారం కోసం మంగళ, బుధవారాల్లోనే చెప్పగలిగితే మంచిది. హిందీ చాలు. పేరు, ఎంతమంది, ఎన్నింటికి, పిల్లలూ ముసలివాళ్లూ ఉన్నారా, జైన భోజనాలు ఎన్ని, ఏ సందర్భం, ఇవన్నీ ఒక చీటీ మీద రాసుకుని ఒక్క గుక్కలో చెప్పండి. చివర్లో అవతలి మనిషి పేరు అడిగి రాసుకోండి. మర్నాడు అతన్నే పేరుతో పిలిచి, వాట్సాప్‌లో ఒక ముక్క పంపమనండి. పేరు పెట్టి పిలిస్తే మాట తేడా ఎక్కడైనా తెలుస్తుంది.

జొమాటోవాళ్ల డిస్ట్రిక్ట్, స్విగ్గీవాళ్ల డైన్‌అవుట్, ఈజీడైనర్ లాంటి యాప్‌లు నలుగురి వరకు హాయిగా పనిచేస్తాయి, బిల్లులో తగ్గింపు కూడా వస్తుంది. ఎనిమిది మంది, జైన భోజనం, కిటికీ పక్క చోటు, ఇలాంటి మాటలు యాప్‌కు అర్థం కావు. యాప్‌లో ఖాళీ లేదన్నంత మాత్రాన లోపల ఖాళీ లేదని కాదు. అన్ని టేబుళ్లూ యాప్‌కు ఇచ్చేసే మేనేజర్ తక్కువ, రోజూ వచ్చే ఖాతాదార్ల కోసం కొన్ని చేతిలో పెట్టుకుంటాడు. యాప్ కాదంటే ఫోన్, ఫోన్‌లో కాదంటే ఒకసారి స్కూటర్ మీద వెళ్లి మనిషిని చూడడం. ఈ మూడోది ఇప్పుడు ఎవరూ చేయడం లేదు కాబట్టే పనిచేస్తుంది.

ఫుల్ అన్నచోట కూడా పేరు రాయించి, "ఎవరైనా రద్దు చేసుకుంటే నాకు ఒక్క ఫోన్ కొట్టండి" అని నంబర్ ఇవ్వండి. రద్దులు ఎక్కువగా అదే రోజు సాయంత్రం వస్తాయి, ఆరింటికి మీరే ఒకసారి మళ్లీ చేయండి. ఎనిమిది మందికి ఒకే బల్ల లేకపోతే పక్కపక్కన నాలుగేసి అడగండి. నిజానికి వ్యాపారం మాట్లాడేవాళ్లు ఒక బల్ల దగ్గర, కుటుంబాలు ఇంకో బల్ల దగ్గర ఉంటేనే అందరికీ సుఖం. విడిగా చిన్న గది ఉందేమో, దానికి కనీస బిల్లు ఎంతో కూడా అడిగి చూడండి. ఎనిమిది మంది ఎలాగూ ఆ కనీసాన్ని దాటేస్తారు చాలాసార్లు. అతిథి దిగిన హోటల్లోనే రెస్టారెంట్ ఉంటే మీరు ఫోన్ చేయకండి, గది నంబరుతో అతిథి పేరు మీదే రిసెప్షన్ నుంచి చెప్పించండి. బసచేసిన వాళ్లను కాదనడం హోటల్‌కు కష్టం.

క్యాలెండర్ కూడా ఒకసారి చూసుకోవాలి. దీపావళికి మార్కెట్ మూస్తే లాభ్ పంచమి నుంచి మెల్లగా తెరుచుకుంటుంది. వజ్రాల కార్ఖానాలకు ఇంకా ఎక్కువ సెలవులు, సౌరాష్ట్ర వాళ్లంతా ఊళ్లకు పోతారు. ఆ రోజుల్లో టేబుల్ తేలిక, కానీ వంటవాళ్లు కూడా సెలవులో ఉంటారేమో కనుక్కోండి. నవరాత్రుల్లో గర్బా ఆడి అర్ధరాత్రి తినడానికి బయల్దేరే ఊరిది. సర్సాణాలోని ఎగ్జిబిషన్ సెంటర్‌లో సూరత్ ఛాంబర్ వాళ్ల ప్రదర్శనలు, బట్టల యంత్రాలవో నగలవో, జరిగే రోజుల్లో బయటివాళ్లతో హోటళ్లు కిక్కిరుస్తాయి. మన ధనుర్మాసమే వాళ్లకు కమూర్తా, పెళ్లిళ్లుండవు కాబట్టి బ్యాంకెట్ హాళ్లు ఊపిరి పీల్చుకుంటాయి. విదేశాల నుంచి వచ్చిన చుట్టాలతో రెస్టారెంట్లు మాత్రం నిండుతాయి.

థాలీ చోట్ల పద్ధతే వేరు. అక్కడ చాలావరకు బుకింగ్ ఉండదు, వరస ఉంటుంది. పన్నెండుకు ముందో, ఏడింటికో ఒక మనిషి వెళ్లి పేరు రాయించి నిలబడాలి. ఆ మనిషి ఎవరో మీకు తెలుసు.

ప్రపంచంలో ఇంతకంటే కష్టమైన టేబుళ్లు లేకపోలేదు. స్పెయిన్‌లో ఎల్‌బుల్లీ 2011లో మూతపడేదాకా ఏడాదికి ఎనిమిది వేల చోట్లకు ఇరవై లక్షల మంది అడిగేవారని చెప్పుకునేవారు. అదే 2011లో షికాగోలో నెక్స్ట్ అనే రెస్టారెంట్ భోజనానికి సినిమాలాగా ముందే టికెట్లు అమ్మింది, రాకపోతే డబ్బు పోయినట్టే. న్యూయార్క్‌లో టేబుళ్లు పట్టి బ్లాక్‌లో అమ్ముకునేవాళ్లు ఎక్కువై, రెస్టారెంట్ ఒప్పుకోకుండా అమ్మకూడదని 2024 డిసెంబరులో చట్టమే చేశారు. మన హైదరాబాద్‌లో ఫలక్‌నుమా ప్యాలెస్ ఉంది. 2010లో తాజ్ హోటల్‌గా తెరిచాక, అక్కడ దిగనివాళ్లు ముందే బుక్ చేసుకుంటే గాని అదాలోనో సెలెస్ట్‌లోనో భోంచేయలేరు, గేటు దగ్గరే పేరు చూస్తారు. అతిథులు మన వైపు వాళ్లయితే ఈ పోలిక వాళ్లకు తెలుసు. సూరత్‌లో ఇంత కాఠిన్యం లేదు. ఇక్కడ లేదన్నది చాలాసార్లు ఈ గంటకు లేదనే.

ఒక హెచ్చరిక. గూగుల్‌లో కనపడిన ప్రతి నంబరూ రెస్టారెంట్‌ది కాదు. థాలీ ఆఫర్ అనో, టేబుల్ ఖాయం చేయడానికి అడ్వాన్స్ అనో లింకు పంపి డబ్బు కాజేసే మోసాలు దేశమంతా జరుగుతున్నాయి. నంబరు హోటల్ సొంత వెబ్‌సైట్ నుంచో, పాత బిల్లు మీంచో తీసుకోండి. అడ్వాన్స్ అడిగితే ఎవరి పేరున పోతోందో చూసి గాని యూపీఐ నొక్కకండి. ఓటీపీ అడిగితే అది హోటల్ కాదు.

టేబుల్ అక్కర్లేదనుకుంటే వెంటనే ఫోన్ చేసి రద్దు చేయండి. రెండు చోట్ల బుక్ చేసి ఒకచోట మాయమైపోవడం తెలివనుకునేవాళ్లున్నారు. ఎనిమిది కుర్చీలు ఆదివారం రాత్రి ఖాళీగా ఉంచిన మేనేజర్ ఆ నంబరు మర్చిపోడు, మీకు ఈ ఊళ్లో ఇంకా చాలా ఆదివారాలున్నాయి.

బిల్లు ఎవరిదో ముందే తేల్చుకోండి. అతిథి జేబులో చెయ్యి పెట్టే లోపే కౌంటర్ దగ్గర కార్డు ఇచ్చి ఉంచడం మర్యాద. రెస్టారెంట్ భోజనం మీద జీఎస్టీ సాధారణంగా 5%, గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే పెద్ద హోటళ్లలో 18%. బడ్జెట్ చెప్పేటప్పుడు ఈ తేడా కలుపుకోండి. కంపెనీ జీఎస్టీ నంబరు వేయించినా, తిండి బిల్లు మీద ఇన్‌పుట్ క్రెడిట్ మామూలుగా రాదు, అకౌంట్స్‌లో ఉన్నవాళ్లకు ఇది తెలిసిందే. సర్వీస్ చార్జి తప్పనిసరి చేయకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. బిల్లులో కనపడితే తీసేయమని మెల్లగా అడగవచ్చు. కానీ అతిథి ముందు కాదు, కౌంటర్ దగ్గర. వడ్డించిన కుర్రాడికి విడిగా చేతిలో పెట్టండి.

ఇంత చేసినా దొరకలేదనుకోండి. సేఠ్‌తో "దొరకలేదు" అని మాత్రం ఆపకండి, "రేపు రాత్రి తొమ్మిదింటికి లేదు, ఏడున్నరకు ఉంది, సోమవారం తొమ్మిదింటికి ఉంది, ఏది ఖాయం చేయమంటారు" అనండి. చలికాలమైతే ఇంకోటి కూడా సూచించవచ్చు. మన ఊళ్లలో ఊచబియ్యం తిన్నట్టు, ఇక్కడ లేత జొన్నల పోంక్ సేవ్‌తో కలిపి తింటారు. జొన్న రొట్టెల ఊరి నుంచి వచ్చిన పార్టీకి ఆ పొట్లం కార్లో పెట్టించండి, లేదా పొద్దున్నే వేడి లోచో తినిపించండి. స్టార్ హోటల్ పనీర్ ప్రతి ఊళ్లోనూ ఒకేలా ఉంటుంది.

ఆ సాయంత్రం బయల్దేరే ముందు రెండు చిన్న పనులు మిగిలాయి. మెట్రో పనుల వల్ల దారి మళ్లింపులున్నాయేమో చూసుకుని అరగంట ముందు కార్లు తీయించండి, పావుగంట దాటితే టేబుల్ పట్టి ఉంచరు. డ్రైవర్లు ఎక్కడ తినాలో కూడా హోటల్‌లో అడిగి, వాళ్ల భోజనం డబ్బులు ముందే వాళ్ల చేతికివ్వండి. సేఠ్‌లు లేచేసరికి పదిన్నర అవుతుంది.